క్షేమం దగ్గర సున్నా

మా డాక్టర్ షహనాజ్‌కి ముప్పై ఒక్క ఏళ్లు. విజయవాడ పిల్ల. చేతిరాత మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది కానీ, జీవితంలో ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. "ఈత రానివాళ్లు సముద్రం లోతు కొలుస్తామన్నట్టుంది కదమ్మా" అని మొదటిరోజే అనేశాను. నా నోరు అలాంటిది. "అందుకే కదా మాస్టారూ, పడవ నడపడానికి మిమ్మల్ని పెట్టుకున్నాం" అని నవ్వింది. ఆ జవాబుతోనే ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

నిజానికి నేను మాస్టార్ని కాను. ముప్పై ఏడేళ్లు వాతావరణ శాఖలో గాలినీ వాననూ కొలిచే పరికరాలు బాగుచేసినవాణ్ణి. పేరు సింహాద్రి. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మా ఆవిడ నన్ను కూర్చోనివ్వలేక, విశాఖపట్నంలో బీచి రోడ్డుకి రెండు వీధుల వెనకున్న ఈ ప్రయోగశాలలో చేరాను.

మేం తయారుచేస్తున్న యంత్రానికి కాగితాల్లో చాంతాడంత పేరుంది. మేం మాత్రం చేతొడుగు అంటాం. పెన్నుతో రాస్తే కాగితం మీద సిరా ఒక్కటే పడదు, సన్నటి గాడి కూడా పడుతుంది. ఉత్తరాన్ని బల్ల మీద పరిచి పక్కనుంచి దీపం వేస్తే ఆ గాళ్లన్నీ దుక్కి చాళ్లలా పైకి కనిపిస్తాయి. లోతును బట్టి ఎంత గట్టిగా నొక్కారో, అంచులను బట్టి ఎంత వేగంగా రాశారో, సన్నటి ఒణుకును బట్టి అది ఎవరి చెయ్యో తెలుస్తుంది. ఆ లెక్కంతా ఒక తొడుగులోకి వెళుతుంది. అది మీరు తొడుక్కుంటే లోపలున్న బుల్లి మోటార్లు మీ వేళ్లను కదిలిస్తాయి. ఎప్పుడో రాసినవాళ్ల చెయ్యి మీ చేతిలోకి వచ్చి, అదే ఉత్తరం మళ్లీ రాస్తుంది.

మొదటిసారి తొడుక్కున్నప్పుడు షహనాజ్ ఎవరిదో పాత కార్డు పెట్టుకుంది. రెండు వరుసలు అయ్యేసరికి "మాస్టారూ, ఈ తాతగారు 'ళ' దగ్గరికి రాగానే ఎంత సరదా పడుతున్నాడో! తిప్పిందే తిప్పుతున్నాడు!" అని అరిచింది. నాకూ ముచ్చటేసింది.

ఉత్తరాలు కావాలని పేపర్లో వేయిస్తే జనం అటకల మీంచి కట్టలు దింపి తెచ్చారు. ప్రతి ఉత్తరానికీ నడిమధ్యన ఒక చిల్లు. అక్కడికి రాగానే యంత్రం తడబడేది. పురుగు కొట్టిందేమో అనుకుంది షహనాజ్. గోడకి వేలాడే కొక్కెపు తీగ సంగతీ, ఉత్తరం చదవగానే దానికి గుచ్చేసే సంగతీ చెప్పాను.

"దాచుకునే ఉత్తరానికి చిల్లు పెట్టేవారా?"

"గుచ్చడమే దాచుకోవడం. వెతుక్కోవడానికి వీలుగా ఉండేది."

ఆ సాయంత్రమే ఒక తీగ వంపించి ప్రయోగశాల గోడకి తగిలించింది. గుచ్చడానికి ఆవిడకి ఒక్క ఉత్తరమూ లేదు. కరెంటు బిల్లు గుచ్చింది.

ఏ పరికరానికైనా ముందు సున్నా ఎక్కడో తేల్చాలి. మనిషి చెయ్యి మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా, బాధలోనో సంతోషంలోనో ఎంత మారిందో చెప్పగలం. ప్రతి ఉత్తరంలోనూ ఉండే వాక్యం, ఏ భావమూ లేకుండా రాసేసే వాక్యం ఒకటి కావాలి. అందరూ తలలు పట్టుకుంటే నేను చెప్పాను. "ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. దీన్ని ఎవరూ ఆలోచించి రాయరు. చెయ్యే రాసుకుపోతుంది." అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాసేపు తల ఎగరేసుకుని తిరిగాను కూడా.

ఆ తర్వాత రెండు నెలలపాటు యంత్రం పిచ్చి లెక్కలు చెప్పింది. చింతపండు పంపాను అని రాసిన చోట పెళ్లికొచ్చినంత సంబరం. పార్వతీపురం నుంచి ఒకాయన ఆవు ఈనిందని రాస్తే, గుండె మీద బరువు దిగిపోయినంత ఊరట.

"చింతపండుకి ఇంత ఆనందమా మాస్టారూ?"

"కొత్త చింతపండేమో!" అన్నాను.

దీపం మార్చాం. మోటార్లు మార్చాం. సముద్రపు గాలి చెమ్మ వల్లేనని గది తలుపులకు పట్టీలు వేయించాను. లెక్క మారలేదు. చివరికి షహనాజ్, ఒకే మనిషి ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలు దొరికితే తప్పెక్కడుందో తెలుస్తుందేమో అంది. నా దగ్గర ఉన్నాయన్నాను. అలా అనడానికి సైన్సు ఒక్కటే కారణం కాదు. అందులో నా కక్ష కూడా ఉంది.

మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు తొంభై నాలుగు. ఉద్యోగం మొదట్లో అండమాన్‌లో ఒక చిన్న దీవిలో గాలి కొలుస్తూ నాలుగేళ్లున్నాను. పదిహేను రోజులకోసారి ఓడ వచ్చేది. ఓడలో అమ్మ ఉత్తరం వచ్చేది. ఆ తొంభై నాలుగింటిలో చివరి పద్నాలుగింటిని నేను వేరే కట్ట కట్టి పెట్టాను. ఎందుకంటే అవి దొంగ ఉత్తరాలు. ముప్పై మూడేళ్లుగా వాటిని అలాగే అనుకుంటున్నాను.

1998లో అమ్మ బొబ్బిలిలో పోయింది. కబురు వైర్‌లెస్‌లో నా దాకా వచ్చి, నేను ఓడ పట్టుకుని ఇల్లు చేరేసరికి పదో రోజు. అప్పుడు పక్కింటావిడ అంది, "పాపం, ఏడు నెలలు కుడిచెయ్యి పడిపోయి మంచం మీదే ఉండిపోయింది" అని. ఆ ఏడు నెలల్లో నాకు పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి. అన్నీ అమ్మ దస్తూరీయే. అన్నింట్లోనూ ఇక్కడ మేమంతా క్షేమం అనే ఉంది. అమ్మ దగ్గర ఉన్నది మా అక్క నూకరత్నం ఒక్కర్తే. ఊళ్లో బడిలో ఒకటో తరగతి టీచరు. చుట్టాలందరి ముందూ నిలబెట్టి అడిగాను, "అమ్మ రాతని దొంగిలించి నాకు పంపేవా?" అని. అక్క తల ఎత్తలేదు. "నీకేటనిపిస్తే అదేరా" అంది. అంతే. ఆ తర్వాత మేమిద్దరం పెళ్లిళ్లలో వేరే వేరే వరుసల్లో కూర్చున్నాం. బావ పోయినప్పుడు వెళ్లి, పరాయివాడిలా గంట కూర్చుని వచ్చేశాను.

అమ్మని ఆఖరిసారి చూసుకోనివ్వలేదన్న మంట నాకు ఏనాడూ చల్లారలేదు. ఇన్నాళ్లకి ఒక యంత్రం నా చేతికొచ్చింది. ఆ పద్నాలుగూ అమ్మ రాసినవి కావని దాని చేత చెప్పించాలి. ఆ కాగితం అచ్చు వేయించి అక్కకి పంపాలి. అరవై ఒకటో ఏట నా పట్టుదల అది.

మొదటి ఎనభై ఉత్తరాలకి యంత్రం ఒకే చెయ్యి అంది. పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి 'చెయ్యి తేలలేదు' అంది. అమ్మది అనీ అనలేదు, కాదనీ అనలేదు. మూడు రోజులు తిప్పి తిప్పి వేసినా అదే మాట. నాకు ఒళ్లు మండింది. షహనాజ్‌కి మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చింది. అర్థంకానిది దొరికితే ఆ పిల్లకి పండగే.

నాలుగో రోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"మాస్టారూ, నవ్వకూడదు. ఇంట్లో క్షేమంగా లేనప్పుడు ఏం రాసేవాళ్లు?"

"అప్పుడూ అదే రాసేవాళ్లం."

"జ్వరమొస్తే?"

"ముందు క్షేమం. జ్వరం సంగతి కింద ఎక్కడో, తగ్గింది అని."

"తగ్గకపోతే?"

"తగ్గకపోయినా తగ్గిందనే."

"మనిషి పోతే?"

"అప్పుడు ఆ వాక్యం ఉండదు. ఆ కార్డు గుమ్మం బయటే చదివి చింపేస్తారు. లోపలికి తీసుకురారు. తీగకి గుచ్చరు."

"అంటే మనిషి ప్రాణంతో ఉన్నంతవరకూ ఎంత కష్టమొచ్చినా ఆ ఒక్క వాక్యమే. మరి దాన్ని సున్నా ఎలా పెట్టారు మాస్టారూ?"

పెరుగన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. తక్కెడలో ముందే రాయి పెట్టి బియ్యం తూచినట్టు చేశాను. ముప్పై ఏడేళ్లు పరికరాలతో బతికినవాణ్ణి. వానని కొలిచే గిన్నెలో ముందే నీళ్లున్నాయేమో చూసుకోమని ఎంతమంది కుర్రాళ్లకి చీవాట్లు పెట్టానో. ఉత్తరాల్లో పుట్టి పెరిగినవాడికి తట్టనిది, ఉత్తరం ముఖం చూడని పిల్లకి తట్టింది.

ఆ వేళే సున్నాని అక్కణ్ణుంచి తీసేసి పిన్‌కోడు అంకెల దగ్గర పెట్టాం. పిన్‌కోడు మీద ఎవరికీ ప్రేమా ఉండదు, పగా ఉండదు. చింతపండు చింతపండైంది. ఆవు మామూలుగా ఈనింది. పైకి లేచింది మాత్రం క్షేమం. ఏ ఇంటి ఉత్తరం పెట్టినా, గీతలన్నిటిలోకీ ఎత్తుగా ఆ వాక్యం దగ్గర గీత లేచి నిలబడింది. పార్వతీపురం ఆయన ఆవు సంగతి నెమ్మదిగానే రాశాడు. దానికి ముందు 'మేమంతా' అన్న చోట పెన్ను రెండుసార్లు ఆగింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలియదు. అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియలేదు.

ఇప్పుడు అమ్మ కట్ట పెట్టాం. పద్నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది. చేతులు రెండు. పెన్ను ఒక్కటే.

షహనాజ్ గీతలు చూపించింది. ఒక ఒణుకు సన్నగా, నీరసంగా ఉంది. దాని మీద ఇంకొక ఒణుకు స్థిరంగా ఉంది. ఇసకలో ఇద్దరు నడిచిన అడుగుల్లా దేని దారి దానిదే.

"ఒకే పెన్నుని ఇద్దరు పట్టుకుని రాయడం ఉంటుందా మాస్టారూ?"

"ఉంటుందమ్మా" అన్నాను. "ఒకటో తరగతిలో."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు అర్థమైంది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

చేతొడుగు సిద్ధం చేయడానికి ఆవిడకి రెండు గంటలు పట్టింది. నీరసంగా ఉన్న చెయ్యి నా వేళ్లను లోపలినుంచి కదుపుతుంది. రెండో చెయ్యి బరువు పైనుంచి, గాలి నింపిన మెత్తల ద్వారా తెలుస్తుంది. కట్టలో మొదటి ఉత్తరం పెట్టి తొడుక్కున్నాను.

'చిరంజీవి సింహాద్రికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.' నా వేళ్లు కదిలీ కదలనట్టు కదిలాయి. వాటిలో సత్తువ లేదు. మీద ఒక అరచెయ్యి వాటిని పొదివి పట్టుకుని నడిపిస్తోంది. ప్రతి మలుపు దగ్గరా ఒక బొటనవేలు వచ్చి నా చూపుడువేలి కణుపు మీద నొక్కుతోంది. ఆ నొక్కు నాకు తెలుసు. నాకు ఐదేళ్లప్పుడు, అరుగు మీద పలక పెట్టి, పదేళ్ల అక్క టీచరాట ఆడుతూ నా చెయ్యి ఇలాగే పట్టుకునేది. కొమ్ము దగ్గర ఇలాగే నొక్కేది. తర్వాత బొబ్బిలిలో ఎన్ని వందల పిల్లల చేతులు ఇలా పట్టుకుందో.

'ఇక్కడ మేమంతా' దాకా బాగానే నడిచింది. అక్కడ పై చెయ్యి ఆగిపోయింది. ఆగడం కాదు, పెన్నుని కాగితం మీంచి లేపేయాలని పైకి గుంజింది. కింద చెయ్యి వదల్లేదు. గ్లాసు ఎత్తలేని చెయ్యి, బలమంతా పోగుచేసుకుని కిందికి నొక్కింది. అటు గుంజుడూ, ఇటు నొక్కుడూ. చివరికి పై చెయ్యి లొంగింది. 'క్షేమం' అని పడింది. కాగితం చిరిగేంత లోతుగా పడింది.

పద్నాలుగూ తొడుక్కుని చూశాను. పద్నాలుగింట్లోనూ అదే వాక్యం దగ్గర అదే పెనుగులాట. పద్నాలుగుసార్లూ కింద చెయ్యే గెలిచింది. తొడుగు తీసేసి, కూతురి వయసున్న పిల్ల ముందు సిగ్గులేకుండా ఏడ్చాను.

షహనాజ్ మంచినీళ్లు తెచ్చిచ్చింది. మెల్లగా అడిగింది. "ఓడిపోయినావిడ ఎవరు మాస్టారూ?"

"మా అక్క. నేను ముప్పై మూడేళ్లుగా దొంగ అంటున్న మనిషి."

మర్నాడు ఉదయం బొబ్బిలి బండెక్కాను. బయల్దేరేముందు షహనాజ్ ఒక తెల్లకాగితం ఇచ్చి, వీలైతే అక్కగారి చేతిరాత నాలుగు వరుసలు తెమ్మంది, రెండో చెయ్యి ఆవిడదేనని రుజువు కోసం. నాకు రుజువు అక్కర్లేదు. అయినా జేబులో పెట్టుకున్నాను.

అక్క రైల్వేస్టేషను దగ్గర మేడ మీద రెండు గదుల్లో ఉంటోంది. పిల్లలిద్దరూ హైదరాబాదులో. తలుపు తీసి, నన్ను కిందనుంచి మీదకి చూసింది.

"ఏటిరా, దారి తప్పీసేవా?"

"లేదక్కా. ఇప్పుడే దారిలోకొచ్చేను."

బొబ్బిలిలో అడుగుపెడితే నా నోటికీ ఊరి మాటే వస్తుంది. కూర్చోబెట్టి టీ తెచ్చింది. సాసరు మీద కప్పు గలగలమంది. నేను చేతొడుగు సంగతీ, రెండు చేతుల సంగతీ, క్షేమం దగ్గర జరిగిన గుంజులాటా అన్నీ చెప్పేశాను. అక్క అంతా విని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. ముప్పై మూడేళ్లు నేను నోరిప్పలేదు. నీ మిషనుకి నోరాగలేదేటి?"

"ఎందుకలాగ రాయించింది అక్కా?"

"నాన్న పోయినప్పుడు నువ్వు చదువు వదిలీసి వచ్చీసేవు కదా, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడూ పిలిస్తే ఈ ఉద్యోగమూ వదిలీస్తావని అమ్మ భయం. వాడికి ఆ గాలి కొలిచే పని నచ్చిందే, మధ్యలో లాగొద్దు అనీది. నేను రాయనంటే పెన్ను పళ్లతో పట్టుకునయినా రాస్తానంది. చెయ్యి పట్టేను. ఆ ఒక్క మాట దగ్గర నాకు చేతులాడీవి కావు. తమ్ముడికి అబద్ధం చెప్తున్నాను కదా అని."

"పదో రోజున నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్పీదాన్నే. ఒట్టు పక్కన పెట్టీసి చెప్పీదాన్నే. కానీ అంతమందిలో నువ్వడిగిన తీరుకి నాకు మండిపోయింది. వీడే నెమ్మదిగా వచ్చి అడుగుతాడులే అనుకున్నాను. అలా చూస్తుండగానే ఇన్నేళ్లయిపోనాయి. నాకూ పొగరేరా. మనిద్దరమూ అమ్మ పిల్లలమే."

"తప్పయిపోయింది అక్కా" అన్నాను. అంతకంటే పెద్ద మాట ఏదీ నాకు దొరకలేదు.

"ఊఁ" అంది. లేస్తూ, "తిన్నావా?" అంది.

అన్నాలయ్యాక జేబులోని కాగితం తీశాను. మా డాక్టరమ్మ నీ రాత అడిగిందక్కా అన్నాను. అక్క నవ్వి, కుడిచెయ్యి చాపి చూపించింది. అది ఆగకుండా ఒణుకుతోంది.

"రెండేళ్లయింది. చెంచా కూడా నిలబడదు. పిల్లలకి చెప్పలేదు. ఫోనులో బాగున్నాననే అంటున్నాను." నా ముఖం చూసి, "ఏటలా చూస్తావు? నేను మాత్రం ఎవరి కూతుర్ని?" అంది. "ఆ కాగితం వద్దు గానీ, ఉండు."

బీరువాలోంచి పాత ఇన్‌లాండ్ కవరు ఒకటి తీసింది. బడిలో పిల్లలకి ఉత్తరం రాయడం నేర్పడానికి కొన్నవాటిలో మిగిలిపోయిందట. పెన్ను వేళ్ల మధ్య పెట్టుకుని, చెయ్యి నా వైపు జరిపింది.

"పట్టుకో."

పక్కన కూర్చుని అక్క చెయ్యి మీద చెయ్యి వేశాను. నా బొటనవేలు తనంతట తనే అక్క చూపుడువేలి కణుపు మీదకి వెళ్లింది. ఒణుకు కొంచెం తగ్గింది. ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. 'చిరంజీవి సింహాద్రికి అక్క ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను'

అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు దూకింది. క్షేమం అని రాసేయబోయింది. కింద అక్క చెయ్యి అడ్డం తిరిగింది. ఎంత ఒణుకుతున్నా గట్టిగా నిలబడి నన్ను ఆపేసింది. నేను పట్టు సడలించాను. తర్వాత అక్షరాలు అక్కే నడిపించింది, నేను పెన్ను పడిపోకుండా పట్టుకున్నాను అంతే.

'ఇక్కడ నేను అంత బాగా లేను. చెయ్యి ఒణుకుతోంది. భయంగా ఉంటోంది. నువ్వు వచ్చి కొన్నాళ్లుండు.'

ఇంట్లో ఎదురుగా కూర్చున్న తమ్ముడికి ఉత్తరమేమిటి అని నేను అడగలేదు. అక్క ప్రయోగశాల చిరునామా చెప్పించుకుని మరీ పైన రాయించింది, పిన్‌కోడుతో సహా. ఇద్దరం నడుచుకుంటూ వెళ్లి పోస్టు చేశాం. పోస్టాఫీసులో అమ్మాయి ఆ కవరుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకా టికెట్లు కావాలంది. అంటించాం.

ఐదో రోజున షహనాజ్ ఫోన్ చేసింది. ఆవు ఉత్తరం తెచ్చిచ్చిన పార్వతీపురం వాళ్లని పిలిచి ముందే అడిగిందట, ఆ వాక్యం దగ్గర చేతొడుగు ఆపేయమంటారా అని. ఆపేయమన్నారట. మిగతా ఉత్తరమంతా, ఆవు సంగతితో సహా, తొడుక్కుని చూసుకుని వెళ్లారట. ఆ సంగతి చెబుతూ చెబుతూనే ఒక్కసారిగా గొంతు పెంచింది.

"మాస్టారూ, ఉత్తరం వచ్చింది! పోస్టులో, నిజం ఉత్తరం! మీ పేరు మీద. నేను విప్పలేదు, ఒట్టు. విప్పకుండానే దీపం కింద పెట్టి, చేతొడుగులో చూడనా?"

వంటింట్లో నేను అక్క చేతికి నూనె రాస్తున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"విప్పి చదువుకోమ్మా" అన్నాను. "దానికి చేతొడుగు అక్కర్లేదు, ఉన్నదంతా పైకే రాసేసి ఉంది. చదివేశాక తీగకి గుచ్చెయ్యి."